తూకంలో తగ్గిన బిడ్డ

మా సైన్సు సారు పోయారని మొన్న బస్సులో కండక్టరు చెప్పాడు. ఇంకేం అడిగానో గుర్తు లేదు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

దుమ్ముగూడెంలో మేం కిరాయికున్నప్పుడు ఆయనది పక్క వాటా. హైస్కూల్లో పాఠం చెప్పే గొంతుతోనే మా ఇంటికొచ్చి ఉప్పు అడిగే మనిషి. "ఒక వస్తువుల పదార్థం ఎంతుందో అదే ద్రవ్యరాశి. బరువంటే భూమి గుంజే గుంజుడు. చంద్రుడి మీదికి పోతే గుంజుడు తగ్గుతది గానీ మనిషి తగ్గడమ్మా," అనేవారు. నాకు నవ్వొచ్చేది.

మా పెద్దోడు పుట్టాక ఆ నవ్వు పోయింది. పుట్టిన రోజు నర్సమ్మ బట్టతో సహా తూస్తే రెండు కిలోల ఎనిమిది వందలు. ఇరవయ్యో రోజు రెండున్నరే! పాలు తాగుతున్నాడు, మరి ఏమైపోతున్నాడు? నిద్రపోతుంటే వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. "నీ పాలల్ల సత్తువ లేదే," అంది అత్త. ఒళ్లు మండింది, భయమూ వేసింది.

సంగతి విని సారు బడిలోని స్ప్రింగు కాటా పట్టుకొచ్చారు.

"పదార్థం ఊకెనే మాయం కాదమ్మా. మొదటిసారి తూసినప్పుడు బట్టల ఏమేం ఉన్నయ్?"

"బిడ్డే ఉన్నడు సారూ, ఇంకేముంటది?"

అత్త తల దించుకుంది. చాప కింది నుంచి విరిగిన నాగటి కర్రు ముక్క తీసింది. "దిష్టి తగలొద్దని మడతల పెట్టిన సారూ. రెండోసారి నర్సమ్మ బట్ట విప్పి, పిల్లగాన్ని తన తూకం సంచిల ఏసి తూసింది."

ఆ ఇనుమునూ అప్పటి బట్టనూ కలిపి కాటా కొక్కేనికి తగిలిస్తే నాలుగు వందల గ్రాములు. అంటే వాడు పుట్టిందే రెండు కిలోల నాలుగు వందలతో. తగ్గలేదు, వంద పెరిగాడు! నేను ఏడుస్తూనే నవ్వాను. అత్తను తిడదామనుకుని కూడా తిట్టలేకపోయాను.

సారు మాత్రం నవ్వలేదు. "ఇరవై రోజులకు వందేనా? జల్దీ దవాఖానాకు పోండి," అన్నారు. భద్రాచలంలో డాక్టరు చూసి మందిచ్చాక కూడా రోజూ పొద్దున్నే కాటాతో వచ్చేవారు. నెల దాటినా మానలేదు. నాకు విసుగొచ్చింది.

"ఇంకెన్నాళ్లు సారూ? మంచిగనే ఉన్నడు కదా!"

"మా పాప కూడా గిట్లనే తగ్గిందమ్మా. నేను కాటా తప్పనుకున్న."

వాళ్లకో పాప ఉండేదని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. అలా విసుక్కున్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాటి నుంచి ఆయన వచ్చేసరికి నేనే వాడి బట్టలు విప్పి ఉంచేదాన్ని. సంచిలో వాడు కాళ్లు ఆడిస్తుంటే ముల్లు ఊగేది. అది నిలిచేదాకా సారు ఊపిరి బిగబట్టి చూసేవారు.