వెర్నా తీయని చీటీ

వెర్నా నోల్ట్ తండ్రికి నత్తి. పెన్సిల్వేనియా లోయలోని ఆ మెనొనైట్ క్రైస్తవ సంఘానికి కొత్త బోధకుడు కావలసి వచ్చినప్పుడు ఏడుగురు మగవాళ్ల ముందు ఏడు పాటల పుస్తకాలు పెట్టారు. ఒక్కదాంట్లోనే చీటీ ఉంటుంది. అది ఎవరికొస్తే దేవుడు వాళ్లని ఎంచుకున్నట్టు. చీటీ వెర్నా తండ్రి ఎలమ్ నోల్ట్‌కి వచ్చింది. ఆయన బల్లమీద తల ఆన్చి ఏడ్చాడు. తర్వాత ముప్ఫై ఒక్క ఏళ్లు తడబడుతూనే బోధించాడు. దేవుడు పొరబడ్డాడని ఒక్కరూ అనలేదు.

ఆ పుస్తకాల వరసలో ఆడవాళ్లకు చోటు లేదు. కూతురికి సంఘం బడి దొరికింది. ఇరవై నాలుగేళ్లుగా అదే గది, నెత్తిన అదే తెల్ల టోపీ, చేతిలో సుద్దముక్క. పెళ్లి మాట ఎత్తితే, "నాకు ముప్ఫై ఒక్కమంది పిల్లలు. మీకెంతమంది?" అనేది.

గొడవ పురుగుతో మొదలైంది. బడి తెరవగానే పిల్లలు బంగాళాదుంప చేలల్లోంచి చారల పురుగుల్ని సీసాలో పట్టుకొచ్చారు. "మందు కొడితే అంతకుముందు చచ్చేవి. ఇప్పుడు చావట్లేదు. ఎందుకు టీచర్?"

ఆమె నీళ్లు నమలలేదు. పుట్టుకలో ఎవరూ ఎంచకుండానే తేడాలొస్తాయని చెప్పింది. మందు కొన్నిటిని చంపి కొన్నిటిని వదిలేస్తుంది, మిగిలినవే పిల్లల్ని కంటాయి. రెక్కలూ, కళ్లూ, మనమూ కోట్ల ఏళ్లలో అలాగే వచ్చామని కూడా చెప్పింది.

శనివారం మధ్యాహ్నం బడి కమిటీ కూర్చుంది. ఆరుగురు తండ్రులు, పైన ఓటు లేని బిషప్ రూఫస్ హూవర్. ఆ ఆరుగురిలో ఒకడు, సంఘం పనులు చూసే డీకన్ హార్వీ, చిన్నప్పుడు ఇదే గదిలో ఆమె పక్క బల్లవాడు.

"మన పుట్టుక గాలివాటమని చెప్పావా?"

"గాలివాటంతో ఆపలేదు, ఏరివేత కూడా చెప్పాను. అది జరిగింది నీ చేలోనే హార్వీ."

"నా పురుగుల్ని నామీదకే ఉసిగొల్పకు." ఎవరో కిసుక్కుమన్నారు. హార్వీ నవ్వలేదు. "రేపు సంఘం ముందు నిలబడి తప్పయిందని చెప్పు. లేదా తాళంచెవి ఇచ్చెయ్."

"తప్పు కానిదాన్ని తప్పనలేను."

చేతులెత్తారు. ఉంచాలని ముగ్గురు, తీసేయాలని ముగ్గురు. "పెద్దల పద్ధతి ఉందిగా, చీటీ వేద్దాం" అన్నాడు హార్వీ. అందరికీ ప్రాణం లేచొచ్చింది. హార్వీ రెండు పాటల పుస్తకాలు తీసుకుని గోడవైపు తిరిగి ఒకదాంట్లో చీటీ పెట్టి, రెంటినీ అటూ ఇటూ మార్చి బల్లమీద ఉంచాడు.

"చీటీ వస్తే ఉండు. రాకపోతే వెళ్లు. తియ్యి."

వెర్నా లేచింది గానీ చెయ్యి చాచలేదు. "అయ్యగారూ, ఎందులో ఉందో మీకు తెలుసా?"

"నాకు తెలీదు. దేవుడికి తెలుసు" అన్నాడు బిషప్.

"అంటే మనకు గుడ్డిగా తోచేదాంట్లోనూ దేవుడి చెయ్యి ఉండొచ్చు. మరి పురుగు గుడ్డులో ఎందుకుండదు? పుస్తకాల్లో పట్టిన చెయ్యి గుడ్డులో పట్టదా? లేదూ, గాలివాటంలో దేవుడు లేడంటారా, అప్పుడిది ఉత్త జూదం. లాటరీ టికెట్ కొన్నాడని నిరుడు మనవాడే లెస్టర్‌ని సంఘం ముందు నిలబెట్టి తప్పు ఒప్పించారు. నా బతుకుమీద ఆడితే భక్తా?"

"మీ నాన్నకి రాని మాటలన్నీ నీకొచ్చాయి" అన్నాడు హార్వీ.

"నాన్నకీ వచ్చు. మీరు ఆగి వినాలంతే." ఆమె బిషప్ వైపు తిరిగింది. "దేవుడున్నాడో లేడో పురుగు చెప్పదు. అది చెప్పినంతవరకే నేను చెబుతాను. సోమవారం కూడా అదే చెబుతాను. తీసేయాలంటే మీ చేతులతో తీసేయండి. ఆ పాపం చీటీమీదికి నెట్టకండి."

బిషప్ రెండు పుస్తకాలనూ తెరవకుండానే తీసుకెళ్లి అలమరలో పెట్టేశాడు.

"తీసేయడానికి నలుగురు కావాలి. ముగ్గురే ఉన్నారు. టీచర్ ఉంటుంది."

"మా పిల్లలు ఉండరు" అంటూ హార్వీ టోపీ అందుకున్నాడు.

సోమవారం ఇరవై మందే వచ్చారు. ఖాళీ బల్లలు వెనక్కి జరుపుదామా అని పిల్లలు అడిగితే వెర్నా ఒప్పుకోలేదు. "వాళ్ల చోటు అది. అక్కడే ఉండనీ." పురుగుల సీసా తెచ్చి అందరికీ కనబడేలా పెట్టింది.

"ఎక్కడ ఆపాం?"

ముందు బల్ల పిల్ల చెయ్యెత్తింది. "చావనివాటి దగ్గర టీచర్."