ఏనుగుల జోరు ఆపిన వంకర తొవ్వ

ఇయ్యాల నా సంతోషం పట్టలేక రాస్తున్న. పొద్దుగాల ఉప్పల్‌ల బస్సెక్కి కొడుకు, కోడలు, మనవరాలితోటి ఓరుగల్లు కోట సూడవోయిన. ఆరో తరగతి పిల్లకు రేపు సోషల్ పరీక్ష. మావాడు పుస్తకం పట్టుకొని రాజుల పేర్లు అడుగుతుంటే పిల్ల మొఖం చిన్నగైంది.

కోట దర్వాజ దాటంగనే తొవ్వ పక్కకు మలిగింది.

"సక్కగ కట్టకుండ గిట్ల వంకర ఎందుకు కట్టిన్రు తాతా?"

పుస్తకంల అది లేదు. "నాయినా, తెల్వనిది చెప్పకు" అన్నడు మావాడు. నేను చదివింది ఏడో తరగతే, నిజమే. కానీ నాచారం ఫ్యాక్టరీ గేటు కాడ ముప్పై ఏండ్లు వాచ్‌మన్‌గ చేసిన.

"లారీలు జోరుగ రావొద్దని మా గేటు తొవ్వ గూడ గిట్లనే మలిపిన్రు బిడ్డా. ఇక్కడ శత్రువుల ఏనుగులు ఉరికొచ్చి లోపలి తలుపు గుద్దొద్దని."

పక్కనే బడిపిల్లలను తోలుకొచ్చిన సారు ఆగి, "పెద్దాయన చెప్పింది కరెక్టు, రాసుకోండి" అన్నడు. పిల్లలందరు రాసుకున్నరు. మావాడు గూడ మెల్లగ పెన్ను తీసిండు.

వచ్చేటప్పుడు బస్సుల మనవరాలు కోట పాఠం మొత్తం పేర్లతో సహా తనే చెప్పింది. ఆఖరుకు, "తాతా, కోట వాచ్‌మన్ డ్యూటీ ఎన్ని గంటలకు దిగుతుండె?" అనడిగింది. గదొక్కటి నాకు తెల్వదు, తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.