చెప్పుల కింద మూడో చుట్టు

ఫోటోలో ఉన్నవి ఇవి: పాస్టర్ గారు, అంకుల్, నేను, ఒక అమెరికన్ ప్లంబర్, నేలమీద పరిచిన ఇనప చువ్వల జాలీ, దానికి కట్టిన నారింజ రంగు పైపు మూడు చుట్లు, కొలత టేపులు రెండు, టీ ఫ్లాస్కు ఒకటి, ఇంకా మూత తియ్యని పులిహోర గిన్నె ఒకటి. మూత తియ్యలేదంటే అది భోజనానికి ముందు తీసిన ఫోటో, మాకు వచ్చిన చిక్కంతా అక్కడే ఉంది. నిన్న, నేనిప్పుడు ఉంటున్న బెంటన్‌విల్‌లో కాస్త మంచు పడితే, ఇంటి ముందు పార పట్టుకుని నిలబడినవాణ్ణి పని మానేసి ఫోన్‌లో ఆ ఫోటో వెతుక్కున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మెకానికల్ చదివి, చలికాలమంతా మంచు పడే అరోరాలో కోడ్ రాసుకుంటూ ఉండేవాణ్ణి. చదివిందొకటి, చేసేదొకటిగా హెచ్-వన్ వీసా మీద వచ్చిన నా తరంవాళ్లకి ఆ వెలితి కొత్తగా చెప్పక్కర్లేదు. అంకుల్ నాకు చుట్టం కాదు, మా తెలుగు చర్చిలో పెద్దాయన, భీమవరం వైపు మనిషి. ఆదివారం ఆదివారం ఆంటీ వండిన చేపల పులుసు డబ్బాలో పెట్టి తెచ్చిచ్చేవారు. అంతకు ముందు జనవరిలో ఆ ఆంటీ చర్చి దారిలో మంచుమీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. చెయ్యి అతుక్కుంది గానీ భయం పోలేదు, అప్పటినుంచి ఆరాధన ఫోన్‌లోనే చూసేవారు. ఎవరో చక్రాల కుర్చీలో తీసుకొస్తామంటే ఆవిడ ఒకటే మాట అన్నారట: “మోయించుకుని రాను. దారి పొడిగా ఉన్ననాడు నా కాళ్లమీద నేనే వస్తాను.”

అలా కార్లు ఆపే చోటునుంచి చర్చి గుమ్మం దాకా ఉన్న ఆ ఇరవై గజాల దారి తవ్వి, కాంక్రీటు కింద పైపులు వెయ్యాలని తీర్మానించాం. బాయిలర్ నుంచి గడ్డకట్టకుండా గులాబీ రంగు మందు కలిపిన వేడినీళ్లు ఆ పైపుల్లో తిరుగుతుంటే పైన పడిన మంచు పడ్డట్టే కరిగిపోతుంది. ప్లంబర్ బాయిలర్ చూసుకున్నాడు, పైపుల కొలతలు, పటం నావి. చదివిన చదువు మొదటిసారి ఒంటికి పట్టినట్టు, ప్రతి వంపూ అంగుళాల్లో రాసుకున్నాను. రెండు చుట్లు దారి పొడవునా, మూడోది గుమ్మం ముందు మిగిలిన గజంన్నర మేర. అంతా రాసి, ఫోటో దిగి, పులిహోర తినడానికి లోపలికి వెళ్లాను. తిని వచ్చాక పైన కాంక్రీటు పోసేశాం.

డిసెంబరు వచ్చింది. మన చర్చిలకి క్రిస్మస్ పండగంటే ముందు నక్షత్రం కదా, గుమ్మం పక్కన గడకర్ర పాతి దానిమీద దీపం పెట్టిన నక్షత్రం ఎత్తాల్సిందే. నేల రాయిలా గడ్డకట్టి గునపం దిగలేదు గనుక కాంక్రీటులోనే రంధ్రం చేద్దామన్నారు. నేను పటం విప్పి, పైపు లేని చోటు చూసి, సుద్దతో గుర్తు పెట్టి, డ్రిల్ కూడా నేనే పట్టుకున్నాను. నాలుగంగుళాలు దిగిందో లేదో, గులాబీ రంగు నీళ్లు నా ముఖంమీదికి చిమ్మాయి.

“బండలోంచి నీళ్లు రావడం బైబిలు వాక్యంలో చదివాం గానీ, రంగునీళ్లు ఇదే చూడటం బాబూ,” అన్నారు పాస్టర్ గారు.

నేను పటాన్ని తిరగేసి మరగేసి చూస్తున్నాను. అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మెల్లగా అన్నారు: “నీ లెక్క తప్పు కాదు నాయనా. నువ్వు భోంచేస్తుంటే ఆ పైపు నేనే కాస్త ఇటు లాగి కట్టాను. మనం చెప్పులు విడిచేది ఇక్కడే కదా. బయటికొచ్చేసరికి మీ ఆంటీ బూట్లు ఐసు ముక్కల్లా ఉండేవి. వెచ్చగా ఉంటాయని...”

ఆయన్ని ఏమని కోప్పడతాం? కింది గదిలోకి పరుగెత్తి మూడో చుట్టు వాల్వు కట్టేశాను, ఇక గుమ్మం ముందు వేడి లేనట్టే. ప్లంబరేమో పండగ అయ్యాకే వస్తానన్నాడు, పండక్కి రెండు రోజులే ఉన్నాయి, ఆంటీ ఈసారి వస్తానని అప్పటికే చీర తీసి పెట్టుకున్నారు.

పండగనాడు తెల్లవారకముందే మంచు మొదలైంది. దారంతా తడిసి నల్లగా, సన్నగా ఆవిర్లు కక్కుతూ ఉంది. గుమ్మం ముందు గజంన్నర మాత్రం తెల్లగా మమ్మల్ని వెక్కిరిస్తోంది. పారలతో గీకి, ఉప్పు చల్లి, అయినా నమ్మకం చాలక, లోపల పిల్లలు కూర్చునే చారల జంపఖానా తెచ్చి దానిమీద పరిచాం. కారు దిగిన ఆంటీ, చెయ్యి అందించిన అంకుల్‌ని “మీరు ముందు పక్కకి జరగండి, నాకు దారి కనబడటంలేదు” అని గదమాయించి నడక మొదలుపెట్టారు. నేను ఒక్కొక్క అడుగే లెక్కపెట్టాను. జంపఖానా అంచుకి వచ్చి ఆగిపోయారు. భయపడ్డారనుకున్నాం. ఆవిడ మాత్రం, “కూర్చునే జంపఖానాని బూట్లతో ఎలా తొక్కుతాంరా?” అంటూ అక్కడే, ఆ వెచ్చటి కాంక్రీటుమీద బూట్లు విప్పి, మేజోళ్లతో లోపలికి వెళ్లిపోయారు. వెనకవాళ్లూ అలాగే చేశారు. ఆరాధన అయ్యాక, మంచు కురుస్తున్నా, జోళ్లన్నీ పైన కాస్త తడిగా, లోపల గోరువెచ్చగా ఉన్నాయి. అంకుల్ మాత్రం ఆ రోజంతా ఎవరికీ అందనంత గర్వంగా తిరిగారు.

ఆ పైపులు రాకముందు, చలికాలం ఆదివారాల్లో మగవాళ్లం గంట ముందే వచ్చి, దారి గీకుతూ, టీ తాగుతూ, ఎవరి వాటా ఎంతని పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు దారి ఎప్పుడూ పొడిగానే ఉంటుంది గనుక అందరూ సరిగ్గా పాట మొదలయ్యే వేళకే వస్తున్నారని పాస్టర్ గారు ఫోన్‌లో చెప్పారు. ఆ గంట లేకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎవరినీ ఏమీ అనలేను. పటం మాత్రం నా దగ్గరే ఉంది. అందులో మూడో చుట్టుని ఎర్ర సిరాతో దిద్ది, కింద ఒక వరుస రాసుకున్నాను. కారు నుంచి జంపఖానా దాకా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, ఆంటీ అడుగులు: నలభై ఒకటి.