పోటీలో నెగ్గిన బిడ్డ

మా ఆయన అక్కది ఆండర్సన్‌పేట. అక్కడి బంగారు గనులు మూతపడి ఏళ్లయింది. ఊళ్లో సగం మంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పనికి పోతారు. మా వదినె మాత్రం బలానికి తాగే పౌడరు డబ్బాలు అమ్మే గుంపులో చేరింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఒక రకం, బాలింతలకు ఇంకో రకం, పసిపిల్లలకు మరొకటి. ఆదివారం ఆరాధన ముగియగానే చర్చి మెట్ల దగ్గర నిలబడేది. కడుపుతో ఉన్న మనిషి దిగితే చాలు, చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. ప్రొటీను అనే మాటను కళ్లు అరమూసి మరీ పలికేది.

నాకు నెలలు నిండుతున్నప్పుడు నాకూ తెచ్చింది. ఆ వాసనకే నాకు వాంతి వచ్చింది. రాగి ముద్ద, ఆకుకూర ఉడికిన నీళ్లతో కాచే బస్సారు చాలునన్నాను. ముద్ద కూలోళ్ల తిండి అని పెదవి విరిచింది. ఆమెను కన్న తండ్రి బతికినన్నాళ్లూ ఆ ముద్ద తినే గనిలోకి దిగాడు. ఆ సంగతి ఆమెకు ఎంత హాయిగా మరుపున పడిందో!

నా కూతురు పుట్టిన కొన్నాళ్లకే ఆమె ఒక్కగానొక్క కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. కొడుకు పుట్టాడు. బాలింతకు పత్యమని మా వదినె రెండు పిడికిళ్ల అన్నం, మిరియాల చారు పెట్టేది. పొద్దున, సాయంత్రం గ్లాసెడు పౌడరు కలిపి ఇచ్చేది. గుడ్డు వాతం, ఆకుకూర చలువ, నీళ్లెక్కువ తాగితే పొట్ట జారుతుంది అని అన్నిటికీ అడ్డుపడేది. పిల్ల ఆకలంటే తిండిపోతు అనేది. కడుపు మాడే తల్లికి ఒంట్లో ఓపిక ఉంటుందా? నీరసంతో పిల్ల బిడ్డను పక్కనే పడుకోబెట్టి మగతలో ఉండిపోయేది. బిడ్డ ఏడిస్తే మా వదినె, "నీ పాలు నీళ్ల మాదిరి ఉండాయి" అని సీసా అందుకునేది. సీసా ఎక్కువైన కొద్దీ రొమ్ము పాలు తగ్గాయి. తగ్గినందుకు మళ్లీ ఆ పిల్లకే తిట్లు.

బిడ్డకు అయిదో నెల నడుస్తుండగా మా సంఘం స్త్రీలు ఆరోగ్య శిశువు పోటీ పెట్టారు. వాళ్ల దృష్టిలో ఆరోగ్యమంటే బరువు. హాల్లో వేదిక మీద త్రాసు పెట్టి, గౌన్లు, టోపీలు తగిలించిన పిల్లల్ని ఒక్కొక్కరినీ తూచారు. తీర్పు చెప్పడానికి వచ్చిన పెద్దమనిషికి బజారులో అవే డబ్బాలమ్మే అంగడి ఉంది. నా కూతురిని తీసుకురావద్దని మా వదినె ముందే కబురు పంపింది. చూపించడానికి యాడ ఉండాది దానికి ఒళ్లు, అన్నదట.

ఆ ఉదయం మనవడికి సీసా మీద సీసా పట్టించింది. త్రాసు మీది నుంచి ఎత్తగానే ఆ బిడ్డ తాగిందంతా పెద్దమనిషి తెల్లచొక్కా మీద కక్కాడు. ఆయన చేతిగుడ్డతో తుడుచుకుంటూ, నవ్వుతూనే, వాడికే మొదటి బహుమతి ప్రకటించాడు. బహుమతి ఇంకో డబ్బా. అందరూ చప్పట్లు కొట్టారు. అంత తెలివితక్కువ చప్పట్లు నేను మళ్లీ వినలేదు.

వారం తిరక్కముందే బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. ఆసుపత్రికి నేనూ వెళ్లాను. డాక్టరు బిడ్డ పొట్ట నొక్కి చూస్తుంటే మా వదినె, "ఫస్టు ప్రైజు బిడ్డ సార్ వీడు" అంది. ఆయన తలెత్తలేదు. సీసా ఎవరు కడుగుతారు, ఎలా కడుగుతారు, పౌడరు ఎంతకెంత కలుపుతారు అని అడిగాడు. ఒకపూట చిక్కగా, ఒకపూట పలచగా అని తేలింది. తర్వాత పిల్ల వైపు తిరిగి, నువ్వేం తింటున్నావని అడిగాడు. పిల్ల వాళ్లమ్మ ముఖం చూసింది.

పాలు పూర్తిగా పోలేదని, మాటిమాటికీ బిడ్డకు రొమ్మిస్తూ, కడుపునిండా తింటే పెరగవచ్చని, అంతవరకు పోతపాలు సరిగా కలిపి శుభ్రమైన గిన్నెతో పట్టమని చెప్పాడు. బిడ్డ కోలుకున్నాక ఇంటికి పంపిన రోజు, పిల్లను గని కూలీల వరస ఇళ్లలో ఉన్న మా లైనింటికి తీసుకుపోతానన్నాను.

"ఇంగ నువ్వు పెద్ద డాక్టరమ్మవి అయిపోయినావా?" అంది మా వదినె. నేను పిల్ల సంచీ అందుకున్నాను.

ఆ మధ్యాహ్నం ముద్ద, మునగాకు పప్పు, రెండు గుడ్లు పెట్టాను. తలెత్తకుండా తినేసి, కంచం వైపే చూస్తూ అడిగింది: "అత్తా, ఇంకొంచెం పెట్టుకుంటే ఏమన్నా అనుకుంటావా?"

ఆ మాటకు నాకు మా వదినె మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఇంకో ముద్ద వేశాను.

మొదట్లో బిడ్డ రొమ్ము నోట్లోకి తీసుకోడానికి ఇష్టపడేవాడు కాదు. విల్లులా వెనక్కి వంగి ఏడ్చేవాడు. పిల్ల కూడా ఏడ్చి, ఇది నా వల్ల కాదనేది. తోలు తీసిన అనపగింజలతో పితికిపప్పు సారు, వెల్లుల్లి వేసిన కారం, పాలు, ఏది చేస్తే అది పెట్టాను. మళ్లీ బిడ్డను పిల్ల ఒళ్లో పడుకోబెట్టాను. ఒకనాడు ఇద్దరం మునగాకు దూస్తుండగా పక్కగదిలో బిడ్డ ఏడ్చాడు. పిల్ల రవిక ముందు తడిసింది. చేతిలో రెమ్మ అలాగే పట్టుకుని లోపలికి పరుగెత్తింది.

తర్వాత మెల్లగా పోతపాల అవసరం తగ్గుతూ పోయింది. బిడ్డ బొద్దుతనం కరిగింది, నవ్వులు వచ్చాయి.

మా వదినె కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చింది. గుమ్మంలోనే, "అయ్యో, ఎట్ల చిక్కిపోయినాడు" అంది. కొత్త సీసా తెచ్చింది. పిల్ల గోడకానుకుని బిడ్డకు పాలిస్తోంది.

"వస్తానులేమ్మా. నాకు ఆకలిగా ఉండాది. ముందు నాకు పెట్టు."

తల్లితో ఆ పిల్ల అలా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. మా వదినె నా వైపు చూసింది, నేను లేస్తానని కాబోలు. నేను లేవలేదు. ఆమే వంటింట్లోకి పోయి, మూతలన్నీ తీసి చూసి, కూలోళ్ల తిండే కంచంలో పెట్టుకొచ్చింది. పిల్ల బిడ్డను కదిలించకుండా ఒక చేత్తో తింది. మళ్లీ అడిగింది. మా వదినె మళ్లీ వడ్డించింది. ఆమెను చూస్తే నాకు కొంచెం కూడా జాలి కలగలేదు.