నల్లటి మూతలో ట్యూబ్‌లైటు

మొన్న చిలకలూరిపేటలో నేనెక్కిన ఆటో ఒక పెయింటింగ్ షెడ్డు ముందు ఆగింది. లోపల్నుంచి థిన్నరు వాసన గుప్పుమంది. అదే సమయానికి మిరపకాయల బస్తాల లారీ ఒకటి దాటిపోయింది. ఆటోలో అందరూ తుమ్ముతుంటే నేను మాత్రం ఆ రెండు ఘాట్లనూ కలిపి గుండెలనిండా పీల్చాను. మిరప గోదాముల పక్కనుండే బాషాగారి షెడ్డులో గాలి అచ్చం ఇలాగే ఉండేది.

బాషాగారు కార్లకు రంగులు వేసేవారు. సొట్టలను పుట్టీతో పూడ్చి, ఎక్కడ దెబ్బ తగిలిందో సొంతదారుకే తెలియకుండా చేయడంలో ఆయనకు ఊళ్లో పేరుంది. ఆ పేరు గురించి ఎవరైనా చెప్పేలోపే ఆయనే చెప్పుకునేవారు. నేను స్టీలుసామాను కొట్లో పెరిగినవాణ్ణి. బేరమాడకుండా కొంటే అన్నం అరగని వంశం మాది. ఆ నేర్పుతోనే, డిజైను పని మొదలుపెడదామని, హైదరాబాదులో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాను. లోపల అంతా బాగానే ఉంది కానీ మూత మూల విరిగి, నడుమ బీటలు వారి ఉంది. పైన తొడుగు వేసి అమ్మినవాడు అంత తేలిగ్గా ఎందుకు దిగివచ్చాడో ఇంటికొచ్చి అది విప్పాక అర్థమైంది. మార్టూరులో ఒక గ్రానైటు ఫ్యాక్టరీ యజమాని తన రాళ్లన్నిటికీ బొమ్మల పుస్తకం వేయించాలనుకుంటున్నారు. నమూనాలు తెచ్చి చూపించమన్నారు. ఆ పని దొరికితే కొట్లోంచి బయటపడతాను. లేకపోతే జన్మంతా గిన్నెల మీద పేర్లు చెక్కుకుంటూ కూర్చోవాలి. పగిలిన మూతతో వెళితే నన్నెవరు నమ్ముతారు? మూత విప్పి బాషాగారి ముందు పెట్టాను.

“ఇదేంది, టిఫిను క్యారేజీ మూతా?” అన్నారు.

“కంప్యూటరుదండి. నల్లగా, అద్దంలా మెరవాలి.”

“నలుపు చాడీలు చెబుద్ది అబ్బాయ్. తెలుపైతే తప్పుల్ని కాస్త కడుపులో దాచుకుంటది.”

నేను నలుపే కావాలన్నాను. ఆయన పుట్టీ కలిపి, రేకుతో బీటల్లోకి నొక్కి, విరిగిన మూలను కొత్తగా పోతపోసినట్టు నిలబెట్టారు. ఆరాక నీళ్లతో తడుపుతూ వాటర్ పేపరనే సన్నటి గరుకుకాగితంతో రుద్దారు. మధ్యమధ్యలో కళ్లు మూసుకుని అరచేత్తో నెమ్మదిగా తడిమేవారు. రుద్దేకొద్దీ ఆ ప్లాస్టిక్కు ఎక్కడ ఆగిందో, పుట్టీ ఎక్కడ మొదలైందో నాకు తెలియకుండా పోయింది. తర్వాత స్ప్రే గన్నుతో రంగు కొట్టారు. మర్నాడు వెళ్లేసరికి మూత మిలమిలలాడుతోంది. చేయి చాపాను. ఆయన ఇవ్వలేదు. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని అటూ ఇటూ వంచారు. మూతలో కనబడే వెలుగుగీత పాత బీట ఉన్నచోట వెంట్రుకవాసి వంగిందట. చూపించాక కూడా నాకు కనబడలేదు.

“ఎవరు చూస్తారండీ, ఇచ్చెయ్యండి,” అన్నాను. మా కొట్లలో ఎవర్నైనా తొందరపెట్టాలంటే ఒక పెద్ద పేరు మధ్యలో పడేయడం అలవాటు. “రేపు మార్టూరు గ్రానైటాయన్ని కలవాలి,” అని కూడా అన్నాను. అదే కొంప ముంచింది.

“పొద్దస్తమానం రాళ్ల పాలిషు చూసే మనిషి ముందు ఇది పెడతావా? నేను చేశానని చెబుతావా?”

“మీ పేరు చెప్పన్లెండి.”

“చెప్పకపోతే చేసింది నేను కాకుండా పోతానా?” అంటూ ఆ మెరుపు మీదే వాటర్ పేపరు పెట్టి రుద్దేశారు. నల్లటి నీళ్లు కారుతుంటే నా ప్రాణం కారినట్టే ఉంది. ఇవాళ ఇస్తానన్నారు కదా అని అరిచాను. “అన్నా. మాట తప్పా. తిట్టుకో,” అని తలెత్తకుండానే జవాబిచ్చారు.

మార్టూరుకు ఫోన్ చేసి గడువు అడిగాను. ఇంకొకతను కూడా వస్తున్నాడు, మీ ఇష్టం అన్నారు ఆయన. చివరికి మూత చేతికొచ్చి, బిగించుకుని, బస్సెక్కి వెళ్లేసరికి ఆ పని ఆ ఇంకొకతనికి వెళ్లిపోయింది. ఆయన నా ల్యాప్‌టాప్ వంక కన్నెత్తి చూడలేదు. బస్సు దిగి తిన్నగా షెడ్డుకెళ్లి, దాన్ని బాషాగారి బల్ల మీద పెట్టాను.

“పని పోయింది. ఆయన దీన్ని చూడను కూడా చూడలేదు.”

బాషాగారు భుజం మీది తువ్వాలుతో మూత మీది వేలిముద్రలు తుడిచారు. “నీకు నష్టం చేశా అబ్బాయ్. కాదనను,” అన్నారు. తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, “మళ్లీ తెచ్చినా మళ్లీ గీకేస్తా,” అన్నారు.

పోట్లాడదామనే వచ్చాను. కానీ కళ్లు మూత మీదికి పోయాయి. ట్యూబ్‌లైటు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా లాగి కట్టిన దారంలా ఉంది. షెడ్డు రేకులూ, తిరిగే ఫ్యానూ, ఆయన గడ్డమూ, కోపంతో ఉబ్బిన నా మొహమూ ఎక్కడో లోతైన నూతిలో ఉన్నట్టు అందులో నిశ్చలంగా కనబడుతున్నాయి. విరిగిన మూల ముక్కను జేబులో పెట్టుకు తిరిగినవాణ్ణి నేను. అది ఎక్కడ విరిగిందో నాకే దొరకలేదు. ఎంతసేపు చూశానో గుర్తులేదు. చివరికి దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటిదారి పట్టాను.

తర్వాత పెళ్లికార్డులూ, కొట్ల బోర్డులూ ఒక్కొక్కటే వచ్చాయి, ఆలస్యంగానైనా కొట్లోంచి బయటపడ్డాను. వచ్చినవాళ్లతో రేటు దగ్గర ఇప్పటికీ మా నాన్నలాగే పోట్లాడతాను, చివరికి తగ్గుతాను. తగ్గనిది పని దగ్గరే. కార్డులో ఒక అక్షరం పిసరంత పక్కకు జరిగితే పెళ్లికూతురి తండ్రి కళ్లద్దాలు పెట్టుకున్నా గమనించడు. అయినా ప్రెస్సు ఆపిస్తాను. “ఎవరడిగారు మిమ్మల్ని?” అంటుంది మా ఆవిడ, చల్లారిపోతున్న అన్నం వైపు చూపిస్తూ. ఎవరూ అడగలేదు. చెరిపేసి మళ్లీ మొదలుపెడతాను.