ముచ్చటైన కట్ట

ఆ ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ తన నీడను కూడా నమ్మే రకం కాదు. మెయిన్ ఆపేశామని ఎవరైనా చెబితే తల ఊపి, మళ్ళీ టెస్టర్ పెట్టి చూసుకుంటాడు. ఆ గుణం ఇన్నేళ్ళూ అతన్ని షాకు కొట్టకుండా కాపాడింది, ఇంట్లోవాళ్ళ ప్రాణాలు మాత్రం తోడేసింది. కూరలో ఉప్పు తగ్గినా దాని వెనక ఏదో ఉందంటాడు మహానుభావుడు.

కోడలు అదే ఫ్యాక్టరీలో సీసాలకు లేబుళ్ళు అంటించే మెషీను నడుపుతుంది. కొన్నాళ్ళుగా అందులో లేబుళ్ళను కొలతగా జరిపే సర్వో మోటారు ఉన్నట్టుండి ఉలిక్కిపడుతోంది, లేబుళ్ళు వంకరగా పడుతున్నాయి. అదీ ఆమె చేసే మధ్యాహ్నం షిఫ్టులోనే. పొద్దుటి షిఫ్టులో మచ్చుకు ఒక్కటి కూడా పాడవదు.

"ఇంకా ఇలాగే సాగితే ఆ అమ్మాయిని మాన్పించేస్తాను" అని సూపర్‌వైజర్ తేల్చి చెప్పేశాడు.

ఎలక్ట్రీషియన్ మోటారు మార్చాడు, కనెక్టర్లు బిగించాడు, ఎర్తు చూశాడు. ఫలితం లేదు. వైరు తప్పు కాకపోతే మనిషి తప్పే కదా! కోడలు ఫోను చూస్తూ ఏ బటనో నొక్కేస్తోందని మనసులో ఖాయం చేసుకున్నాడు. రోజూ స్తంభం చాటున చేరి, కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాశాడు.

ఒకరోజు ఎండ ముదరగానే ఎవరో పెద్ద ఫ్యాను వేశారు. పొద్దుటిపూట దాని అవసరం ఉండదు. కోడలు చేతులెత్తి జుట్టు ముడి వేసుకుంటోంది. సరిగ్గా అప్పుడే మోటారు ఉలిక్కిపడింది. ఆమె రెండు చేతులూ తలమీదే ఉన్నాయి!

ఫ్యాను వేగాన్ని నడిపే డ్రైవ్ నుంచి వచ్చే లావుపాటి కేబులు వెంట చూపు పోనిచ్చాడు. మోటారు ఎంత తిరిగిందో కంట్రోలర్‌కు చెప్పే సన్న కేబులు దాన్ని అంటిపెట్టుకునే ఉంది. లావుదాని కరెంటు రొద సన్నదాంట్లోకి దూరి కంట్రోలర్‌ను తికమక పెడుతోంది. రెంటినీ కలిపి, జడ అల్లినట్టు ముచ్చటగా కట్టారు. కట్టిన ప్లాస్టిక్ టైల తలలన్నీ ఒకే వైపు. ఫ్యాక్టరీ మొత్తంలో అలా కట్టేవాడు ఒక్కడే. "పనంటే ఇలా ఉండాలి" అని ఆ కట్టను అందరికీ చూపించుకున్నదీ తనే. సిగ్గుతో చచ్చిపోయాడు.

టైలు కోసి, సన్న కేబులును దూరంగా వేశాడు. ఫ్యాను తిరుగుతున్నా లేబుళ్ళు తిన్నగా పడ్డాయి. వెళ్ళి సూపర్‌వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నవ్వేశాడు.

"కోడలి కోసం తప్పు మీ నెత్తిన వేసుకుంటున్నారా పెద్దాయనా? మీరు కట్టినదాంట్లో లోపమా? నేను నమ్మను."

ఎదుటివాడు నమ్మకపోతే ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. ఒళ్ళు మండింది. అందరి ముందూ రెండు కేబుళ్ళనూ మళ్ళీ తన చేత్తోనే, అంతే ముచ్చటగా కట్టాడు. లేబుల్ వంకరగా పడింది. సూపర్‌వైజర్ ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

"మామయ్యా, ఇక స్తంభం దగ్గర నిలబడక్కర్లేదుగా? పాపం, రోజూ కాళ్ళు లాగి ఉంటాయి" అంది కోడలు.

అతనికి తల కొట్టేసినట్టయింది. "అక్కర్లేదమ్మా" అన్నాడు.

"మెయిన్ ఆపేశాను. టైలు కోసెయ్యండి" అంది కోడలు.

అలవాటుగా జేబులో టెస్టర్ మీదికి పోయిన చెయ్యిని వెనక్కి తీసుకుని, కటర్ అందుకున్నాడు.