వదిలేసిన పేజీలు

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి ఓనరమ్మది ఇంట్లో తెలుగే, కానీ చదవడం రాదు. బడిలో నేర్చింది కన్నడం. అందుకని సాయంత్రాలు నేను చదువుకునే పుస్తకాన్నే ఆమెకు పైకి చదివి వినిపించేవాణ్ణి. పెద్దమ్మా అని పిలుస్తాను.

పోయినేడాది ఒక నవల పట్టుకున్నాం. అందులో నాయకుడు పెళ్ళాన్ని కొడతాడు. తెల్లారి ఆమెకంటే ముందే లేచి కాఫీ కలుపుతాడు, జడ చిక్కు తీస్తాడు, చిన్నప్పుడు తండ్రి చేతిలో తిన్న దెబ్బలు తలుచుకుని ఏడుస్తాడు. వాణ్ణి అసహ్యించుకోవాలనే మొదలుపెట్టాను. జాలి ఎప్పుడు పుట్టిందో తెలియలేదు. రచయిత ఈ గారడీ ఎక్కడ చేశాడా అని పేజీలు వెనక్కి తిప్పి తిప్పి చూశాను. ఊహూఁ, దొరకలేదు.

కొట్టే పేజీలు మాత్రం పెద్దమ్మకు చదవలేదు. ఆమె కూతురు మొగుణ్ణి వదిలి వచ్చి అప్పటికి మూడు నెలలైంది, వంటింట్లోంచి వింటూ ఉండేది. ఆమె చెవిన అవి వేయడానికి నాకు నోరు రాలేదు. కళ్ళతో చదువుకుని దాటేసేవాణ్ణి.

ఒక శనివారం పెద్దమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"పాపం, ఎంత మంచోడప్పా! ఏదో కోపిష్టి, అంతే. మా అల్లుడూ ఇట్లాంటోడే. రేపు వస్తానన్నాడు. దాన్ని పంపిచ్చేస్తా."

వంటింట్లో చపాతీ కర్ర చప్పుడు ఆగిపోయింది.

"పెద్దమ్మా, నేను కొన్ని పేజీలు చదవకుండా వదిలేశాను."

"అయితే ఇప్పుడు చదువు."

చదివాను. వాడు తలుపు గడియ పెట్టడం, ఆమె చెంప గోడకు తగలడం, ఆ తర్వాత వాడు నొప్పి పుట్టిన తన చేతినే చూసుకోవడం. ఆ చెయ్యి దగ్గర నాకు మళ్ళీ వాడి మీదే జాలి కలిగింది. సిగ్గేసింది.

"ఇంత ఉంటే ఎందుకు దాచినావప్పా?"

"మీరు బాధపడతారని."

కూతురు పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "అమ్మ కూడా అంతే, అన్నా. నేను చెప్తే, వాడు నన్ను కొట్టింది వదిలేసి, ఏడ్చింది మాత్రం వింటాది."

పెద్దమ్మ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని పక్కన పెట్టింది. కూతురికి చాప మీద చోటు చూపించింది.

"మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదలొద్దు."